కలుపు బతకాలని మొక్కుకున్న వారం

మొన్న మంగళవారం పొద్దున బాల్కనీలో కూర్చుని టీ తాగుతుంటే, తొమ్మిదో తరగతి చదివే మా మనవరాలు చేతులకు ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని, బొమ్మపారలాంటి చిన్న పార ఒకటి పట్టుకుని నా కుండీల మీదికి వచ్చింది. వాళ్ల బడిలో ఈ వారమంతా పాఠాలు లేవట. ఒకరోజు రోబో తయారుచేయడం, ఒకరోజు ఊరి చివర ఏదో ఆటల పార్కు, ఒకరోజు క్రికెట్టు, ఒకరోజు తోటపని అంటూ వాళ్లమ్మ ఫోనుకు రంగురంగుల జాబితా వచ్చింది. ఆ తోటపని కాస్తా నా మల్లెకుండీకి వచ్చి పడింది. కుండీ అంచు మీదుగా పాకి కిందికి వేలాడుతున్న గంగవాయిలి కూర తీగను రెండు వేళ్లతో పట్టుకుని ఇక లాగబోతుందనగా, "ఉండవే!" అని నేను అరిచిన అరుపుకు పాపం అది పార కింద పడేసింది. పై వాటాలో ఉండే ఆవిడ కూడా తొంగిచూసింది. నా కుండీల్లో పిచ్చిమొక్కలు పీకించమని ఏళ్ల తరబడి చెప్పి చెప్పి విసిగిపోయిన మనిషి ఆవిడ. ఆవిడకు ఎన్నడూ చెప్పని సంగతి ఆ పూట మనవరాలికి చెప్పాల్సివచ్చింది. దానికి చెప్పాక మనసు ఊరుకోక మీకూ చెబుతున్నాను, ఎందుకంటే ఖోఖో ఆడి మోకాళ్లు చెక్కుకున్న నా ఈడు వాళ్లకైతే ఇది ఇట్టే అర్థమవుతుంది.

ఇది నా పడుచునాటి సంగతి. అప్పటికి నేను గుంటూరు వైపు నుంచి హైదరాబాదు వచ్చి మూడు నెలలయింది. మా నాన్న చర్చిలో సంఘం పనులు చూసేవాడు. ఇంటినిండా ప్రార్థనలు, పెరటినిండా కూరపాదులు. బొటనీ బీఎస్సీ చేసి, ఆపైన బీఈడీ ముగించి, విద్యానగర్‌లో మా పిన్ని ఇంట్లో దిగి, తార్నాక సందులో ఉన్న ఒక ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. చేరాను అంటే, పురిటి సెలవు మీద వెళ్లిన టీచరు స్థానంలో తాత్కాలికంగా నిలబడ్డాను. తర్వాత ఆవిడ ఇక రానని కబురు చేసింది. ఆ ఖాళీ నాకిస్తారా, మరొకరిని పిలుస్తారా అన్నది మా పెద్ద టీచరు చేతిలో ఉండేది. నాకేమో ఆ బడి వదిలి వెళ్లాలని లేదు. పొద్దున్నే విద్యానగర్ నుంచి బయల్దేరి యూనివర్సిటీ లోపలి చెట్ల రోడ్ల మీదుగా నడుచుకుంటూ తార్నాక చేరడం, గేటు దగ్గరే "గుడ్మార్నింగ్ టీచర్" అని నలభైమంది నా సంచి కోసం పోట్లాడుకోవడం, ఇవి వదులుకుని ఊరికి పోయి ఏం చేయను చెప్పండి?

నా మాట తీరు చూసి పిల్లలు మొదట్లో ముసిముసిగా నవ్వుకునేవాళ్లు, వాళ్ల మాట నాకు సగం అర్థమయ్యేది కాదు. రెండు వారాల్లో ఒకరికొకరం అలవాటుపడిపోయాం. నా తొమ్మిదో తరగతిలో ఎక్కువమంది లాలాపేట్, మౌలాలి వైపు పిల్లలు. వాళ్ల తండ్రులు ఊళ్లలో సేద్యం వదిలి ఇక్కడ ఫ్యాక్టరీల్లోనూ రైల్వేలోనూ పనికి కుదిరినవాళ్లు. సెలవులొస్తే మళ్లీ ఊరికి పోయి పొలంలో దిగే పిల్లలే అందరూ. వాళ్లందరికీ నాయకురాలు లాలాపేట్‌లో కూరగాయలమ్మే ఒక అవ్వ మనవరాలు. బక్కపలచని పిల్ల, రెండు జడలు రిబ్బన్లతో మడిచి కట్టుకుని ఖోఖోలో దిగిందంటే గాలికి కూడా దొరికేది కాదు. బడి జట్టుకు ఆ పిల్లే కెప్టెన్.

ఇక ఆ వారం. ఏటా చలికాలం మొదట్లో మా బడిలో ఒక వారమంతా పాఠాల పుస్తకాలు మూసేసి పండగ చేసేవాళ్లు. సోమవారం వ్యాసరచన, వక్తృత్వం. మంగళవారం యూనివర్సిటీ బొటనీ తోట. బుధవారం గోల్కొండ. గురువారం సైన్సు ప్రదర్శన. శుక్రవారం ఖోఖో మొదటి పోటీ. శనివారం యూనివర్సిటీ మైదానంలో ఫైనలు. పెద్ద టీచరు ఆ ఏడు మొత్తం బరువు నా నెత్తిన పెట్టి, "జర చూద్దాం అమ్మా, నీతోని ఎంతైతదో" అంది. ఇది పరీక్షే అని చిన్నపిల్లకు కూడా తెలుస్తుంది.

మంగళవారం నలభైమందినీ రెండు వరసల్లో నడిపించుకుంటూ బొటనీ తోటకు తీసుకెళ్లాను. ఒక్కొక్కరు పది రకాల ఆకులు సేకరించి పాత పేపర్ల మధ్య అద్ది తేవాలి, అదీ పని. తోటమాలి భోజనానికి వెళ్లాడు. పిల్లల్ని ఒక చెట్టు నీడన నిలబెట్టి, లోపల అనుమతి కాగితం మీద సంతకం పెట్టించుకుని వద్దామని వెళ్లాను. పావుగంట పట్టిందేమో. తిరిగొచ్చేసరికి నీడన ఒక్కతీ లేదు. చూస్తే తోట వెనక ఆరు చిన్న చిన్న జొన్న మళ్లున్నాయి, వాటిలో పిల్లలు లంగాలు మోకాళ్ల మీదికి ఎగదోసి, వరసగా గొంతుక్కూర్చుని, కబుర్లు చెప్పుకుంటూ చకచకా కలుపు తీస్తున్నారు.

నిజంగా ఆ మళ్లు చూస్తే ఎవరికైనా చేతులు దురదపెట్టేలా ఉన్నాయి. జొన్న సన్నగా పీలగా ఉంటే దాని చుట్టూ తుంగ, గరిక, గునుగు, ఉత్తరేణి, తుమ్మి, నానబాలు, గంగవాయిలి, అబ్బో, అడుగు పెట్టే సందు లేదు. కెప్టెన్ పిల్ల తలెత్తి, "ఎవరో ఏంది టీచర్, జొన్నేసి ఇడిసిపెట్టిన్రు, పాపం పంట సచ్చిపోతున్నది" అంది. ఆపాల్సింది కదా నేను? బొటనీ చదివినదాన్ని కదా? ఏం చెప్పను, నా మతి మండ! వేలి సందుల్లో మట్టి చూసేసరికి మా పెరడు గుర్తొచ్చింది. చీర కుచ్చిళ్లు బొడ్లో దోపి నేనూ కూర్చున్నాను. మడి మూలల్లో అంకెలు రాసిన పుల్లలు గుచ్చి ఉంటే, అవి జొన్న రకాల అంకెలు కాబోలనుకుని, జాగ్రత్తగా తీసి గట్టున పెట్టించాను. పీకినదాన్ని పిల్లలు ఊరికే పారేయలేదు సుమండీ. తుంగ ఒక పక్క, గునుగు ఒక పక్క, దేనికదే వేళ్లు ఒకవైపుకు చేసి, ఏ మడివి ఆ మడి గట్టునే కట్టలు పేర్చారు. మూడు మళ్లు అద్దంలా తయారయ్యాయి. నాలుగో మడిలోకి దిగుతుండగా సన్నగా, పొడుగ్గా, కళ్లద్దాల అబ్బాయి ఒకడు సైకిలు దిగి, స్టాండు కూడా వేయకుండా దాన్ని కింద పడేసి పరుగెత్తుకొచ్చాడు. మా వైపు చూశాడు, కట్టల వైపు చూశాడు, తర్వాత గట్టు మీద కూలబడి, అరవనైనా అరవకుండా, "టీచర్ గారూ, అవే నా మొక్కలు" అన్నాడు.

అతను అక్కడ రీసెర్చి చేస్తున్న విద్యార్థి. పంటలో ఏ కలుపు ఎంత పెరిగితే పంట ఎంత తగ్గుతుందో లెక్కతేల్చడం అతని పని. నాలుగు నెలలుగా ఆ కలుపును నీళ్లు పోసి మరీ పెంచుకుంటున్నాడు. ఆ సంగతి వినగానే పిల్లల్లో ఒకతి ఫక్కున నవ్వింది, పక్కనున్నది దాని నెత్తిన మొట్టింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మేం బడికి చేరకముందే ఆ సంగతి చేరిపోయింది. భోజనం చేసి వచ్చిన తోటమాలి ఊరుకుంటాడా? పెద్ద టీచరు గదిలో నిలబెట్టి ఆవిడ అడిగిన మొదటి మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "ఏందమ్మా, బొటనీ చదివినవు, కలుపు మొక్క మొక్క కాదా?" రెండోది, పిల్లలు పీకుతున్నప్పుడు నువ్వెక్కడున్నావు అని. సంతకం కోసం లోపలికి వెళ్లానని చెబితే అబద్ధం కాదు, ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కిటికీ ఊచల అవతల రెండు జడల తల ఒకటి కనిపించింది. "నేనూ పీకాను మేడమ్, రెండో మడి సగం నేనే" అనేశాను. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, తీర్పు చెప్పింది. ఆ అబ్బాయి ప్రొఫెసరు క్యాంపుకు వెళ్లారు, శనివారం వస్తారు. తమకు ఫిర్యాదేమీ లేదని ఆయన చేత ఒక ముక్క రాయించుకొస్తే జట్టులో ఉన్న అయిదుగురు తొమ్మిదో తరగతి పిల్లలు ఫైనలు ఆడతారు, నేను సోమవారం బడికొస్తాను. కాగితం రాకపోతే వాళ్లు ఆడరు, నేను రానక్కర్లేదు. అంతే.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చానని చెప్పడానికి నాకిప్పుడు సిగ్గులేదు. పిల్లలు చుట్టూ నిలబడ్డారు, ఒకతి నీళ్లిచ్చింది, ఒకతి తన జేబురుమాలిచ్చింది, కెప్టెన్ మాత్రం మాయమైంది. అరగంటలో వాళ్ల అవ్వను వెంటబెట్టుకుని వచ్చింది. అవ్వ కూరగాయల గంప ఎవరికో అప్పజెప్పి, కొంగు నడుముకు చుట్టుకుని, సంగతంతా విని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "గింతదానికి ఏడుస్తున్నవా బిడ్డా? నలభై ఏండ్లు పీకిన నేను, అది సావుమంటే సావలే. ఇప్పుడు బతుకుమంటే బతకదా? పొద్దుగూకినంక నాటుండ్రి, మీది ఆకులు తుంచుండ్రి, తడి గోనెసంచులు కప్పుండ్రి" అంది. నాలుగేళ్లు చదివిన చదువులో నాకెవరూ చెప్పని పాఠం అది.

సాయంత్రం అవ్వతో సహా మళ్లీ తోటకు పోయాం. ఆ కళ్లద్దాల అబ్బాయి అప్పటికీ గట్టు మీదే ఉన్నాడు. పిల్లలు కట్టలుగా పేర్చి పెట్టడం వల్ల ఏ మడిది ఆ మడిలోనే, అతని నోటుపుస్తకంలో రాసుకున్న లెక్క ప్రకారం నాటగలిగాం. అంతా సరిపోయింది కానీ గంగవాయిలి కట్ట ఒకటి ఎంత వెతికినా దొరకలేదు. చివరికి వెనక వరసలో కూర్చునే ఒక పిల్ల నేల చూపులు చూస్తూ, "నేను టిఫిన్ డబ్బల పెట్టుకోని ఇంటికి తీస్కపోయిన సార్. మా అమ్మ పప్పుల ఏసింది" అంది. అప్పుడు ఆ అబ్బాయి నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. పప్పు ఎలా ఉందని కూడా అడిగాడు. అవ్వ మర్నాడు పొద్దున మార్కెట్టు నుంచి వేళ్లతో ఉన్న గంగవాయిలి తెచ్చిచ్చింది. అతను దాన్ని ఏ రోజు, ఎక్కడినుంచి తెచ్చి నాటారో నిజాయితీగా రాసుకున్నాడు.

బుధవారం గోల్కొండ. బస్సులో పిల్లలు పాడిన పాటలకు డ్రైవరు కూడా తాళం వేశాడు. కోట గుమ్మం కింద చప్పట్లు కొడితే కొండ మీద వినిపిస్తుందని అందరూ చప్పట్లు కొట్టారు. మాకైతే పైన నిలబడ్డవాళ్లకు ఏమీ వినిపించలేదు, ఎందుకంటే పైన నిలబడ్డవాళ్లు కూడా కొడుతూనే ఉన్నారు. పులిహోర పొట్లాలు విప్పుకుని తిన్నాం. ఇంత సంబరంలోనూ మధ్యమధ్య ఎవరో ఒకతి వచ్చి, "టీచర్, ఎండ కొడుతున్నది, గోనెసంచి మీద నీళ్లెవరు చల్లుతరు?" అని అడిగేది. తిరుగు ప్రయాణంలో డ్రైవరును బతిమాలి బస్సు యూనివర్సిటీలోకి మళ్లించాం. నలభైమందీ దిగి, చెంబులతో డబ్బాలతో నీళ్లు మోసి, మళ్లీ ఎక్కారు. కలుపుకు నీళ్లు పోయడానికి ఆగిన విహారయాత్ర బస్సు అదొక్కటే అయ్యుంటుంది. మొక్కలు మాత్రం తల వేలాడేసి ఉన్నాయి, నాకు ఆశ పోయింది.

గురువారం ప్రదర్శనలో పిల్లలు చేసిన అగ్నిపర్వతం అనుకున్నదానికన్నా ఎక్కువగా పొంగి గణితం టీచరు పట్టుచీర మీద పడింది. ఆ గొడవలో ఉండగా మధ్యలో నీళ్లు పోయడానికి వెళ్లిన పిల్లలు పరుగున వచ్చి తుంగ నిలబడిందని చెప్పారు. శుక్రవారానికి గరిక లేచింది, గునుగు లేచింది. తుమ్మి ఒక్కటీ మొండికేసింది. ఆ రాత్రి మా పిన్ని ఇంట్లో మోకాళ్ల మీద కూర్చుని, తుమ్మి మొక్కకు ప్రాణం పొయ్యి ప్రభువా అని ప్రార్థించాను. అక్కడ లాలాపేట్‌లో పిల్లలు ఎల్లమ్మ గుడిలో కొబ్బరికాయ మొక్కుకున్నారట. కలుపు బతకాలని ఇన్ని మొక్కులు దేవుళ్లు ఎన్నడూ విని ఉండరు. శుక్రవారం పోటీలో మా జట్టు గెలిచింది, ఆ పోటీకి అడ్డు చెప్పలేదు పెద్ద టీచరు. ఫైనలు మాత్రం కాగితం వస్తేనే.

శనివారం మైదానంలో ముషీరాబాద్ జట్టు ఎర్ర రంగు బట్టల్లో దిగింది. మా అయిదుగురూ ఆట బట్టల్లోనే, గీత బయట, మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. వాళ్ల బదులు కొత్తవాళ్లను దింపాల్సివచ్చింది. పెద్ద టీచరు గొడుగు వేసుకుని కుర్చీలో నిటారుగా కూర్చుంది. నేను తోటకు పరుగెత్తాను. ప్రొఫెసరు గారు అప్పుడే వచ్చారు. తెల్ల పంచె, గళ్ల కోటు, పెద్దాయన. శిష్యుడు సంగతంతా దాచకుండా చెప్పాడు, పప్పు సంగతితో సహా. ఆయన చెప్పులు విడిచి మడిలోకి దిగి, పంచె ఎగదోసి గొంతుక్కూర్చుని, ఒక గునుగు మొక్కను మొదట్లో పట్టుకుని చిన్నగా లాగారు. అది రాలేదు. ఇంకోటి లాగారు. రాలేదు. మైదానం వైపు నుంచి ముషీరాబాద్ పిల్లల కేకలు వినిపిస్తున్నాయి. అప్పుడాయన మట్టి చేతులు దులుపుకుంటూ, "కలుపు దీసిన పిల్లలకు సజా ఇచ్చే బడి దునియాల ఏడన్న ఉంటదా అమ్మా? మా నాయిన చూస్తే వాళ్లను ఎత్తుకోని ముద్దువెట్టుకుంటుండె" అన్నారు. శిష్యుడి వైపు తిరిగి, ఈ మూడు మళ్లూ విడిగా రాసుకో, మళ్లీ వెయ్యి అన్నారు. అంటే అతనికి ఇంకో ఆరు నెలలు. అతను తలూపి, జేబులోంచి కలం తీసి ఆయనకిచ్చి, కాగితం కింద తన నోటుపుస్తకమే అట్టగా పట్టాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ మంచితనానికి నేను ఈనాటికీ రుణపడే ఉన్నాను.

చెప్పులు చేతిలో పట్టుకుని మైదానానికి పరుగెత్తాను. చీర చెదిరింది, జడ ఊడింది, ఒక టీచరు పరుగెత్తాల్సిన పరుగు కాదది. మొదటి ఇన్నింగ్స్ అయిపోయింది, మా వాళ్లు ఏడు పాయింట్లు వెనకబడ్డారు. పెద్ద టీచరు కాగితాన్ని మొదటినుంచి చివరిదాకా చదివింది, వెనక్కు తిప్పి కూడా చూసింది, తర్వాత గొడుగుతో మైదానం వైపు చూపించి, "ఇంకా కూసున్నరేందే, పోండి!" అంది. ఆ తర్వాత ఆ పిల్లలు ఆడిన ఆట! కెప్టెన్ స్తంభం చుట్టూ తిరిగి వచ్చి ఖో అందంటే ఎర్ర బట్టల పిల్లలు ఎటు పోవాలో తెలియక ఒకరినొకరు గుద్దుకున్నారు. గీత బయట అవ్వ, ఆ కళ్లద్దాల అబ్బాయి పక్కపక్కన నిలబడి గొంతులు పోయేలా అరిచారు. ఒకే ఒక్క పాయింటుతో ఓడిపోయాం. ఓడిపోయిన జట్టు అట్లా ఎగరడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. నన్ను కూడా పట్టుకుని గిరగిరా తిప్పారు. వెళ్లిపోతూ పెద్ద టీచరు నా పక్కన ఆగి, సోమవారం ఒక గంట ముందు రమ్మంది, కొత్త టైంటేబుల్ వేయాలట. "సైన్సు పీరియడ్లు నీవే ఇంక" అని, నా తలలో చిక్కుకున్న గడ్డిపోచ తీసి పారేయబోయి, ఏమనుకుందో నా చేతిలో పెట్టి పోయింది.

ఆ బడిలోనే పనిచేసి రిటైరయ్యాను. ఆ అబ్బాయి రీసెర్చి పుస్తకం పూర్తయ్యాక ఒక ప్రతి బడికి తెచ్చిచ్చాడు, దాని మధ్యలో ఎండిన గునుగు పువ్వొకటి ఉంది. తుమ్మి ఒక్కటే బతకలేదు, పాపం, దాన్ని కూడా ఆ పుస్తకంలో రాశాడు.

ఇదంతా విన్న మనవరాలు ఆ మళ్లు చూపించమని నా వెంటపడింది. నిన్న సాయంత్రం నడకకు తీసుకెళ్లాను. చెట్ల రోడ్లు అలాగే ఉన్నాయి, నడిచేవాళ్లే కొత్తవాళ్లు. జొన్న మళ్లున్న చోట ఇప్పుడు సిమెంటు పలకలు పరిచి కార్లు నిలుపుతున్నారు. నేను అక్కడే నిలబడి ఇక్కడ ఒకటో మడి, ఇక్కడ రెండోది అని చెబుతుంటే నాకే అబద్ధం చెబుతున్నట్టు అనిపించింది. మనవరాలి తరగతిలో ముప్పైమంది ఉంటే ఒక్కరికీ తుంగ ఏదో గరిక ఏదో తెలియదట, బడివాళ్లు ఇచ్చిన డబ్బాలో మట్టి కూడా ప్యాకెట్లోనే వచ్చింది. తప్పు వాళ్లది కాదు. చూసి చేతులు దురదపెట్టడానికి వాళ్లకు నేల ఏది? అవ్వ లేదు, పెద్ద టీచరు లేదు, రెండు జడల పిల్ల ఎక్కడుందో తెలియదు. వాళ్లందరి మీదా ఒక్కసారిగా బెంగ కమ్మేసింది. మనవరాలు ఒక కారు చక్రం పక్కన గొంతుక్కూర్చుని, "అమ్మమ్మా, ఇదేనా?" అంది. రెండు పలకల సందులోంచి గునుగు మొక్క ఒకటి, జానెడు కూడా లేదు, తెల్లటి కంకితో నిలబడి ఉంది. మోకాళ్ల నొప్పి మరిచి నేనూ దాని పక్కన కూర్చున్నాను. పీకకుండా, ఊరికే చిన్నగా లాగి చూడమన్నాను. మనవరాలు భయం భయంగా మొదట్లో పట్టుకుని లాగింది.

రాలేదు.